చానల్ జీతాల ఒప్పందం: శాతం కంటే ముందు చూడాల్సిన మాటలు

(టీవీ చానళ్ల ఉద్యోగుల సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

కెమెరా వాళ్లు, ఎడిటర్లు, పీసీఆర్, ఎంసీఆర్ (స్టూడియో, ప్రసార కంట్రోల్ గదులు) వాళ్లు, డెస్క్ వాళ్లు, ఓబీ వ్యాన్ (బయటి నుంచి లైవ్ ఇచ్చే బండి) సిబ్బంది, జిల్లాల నుంచి వచ్చిన స్ట్రింగర్లు (వార్తకింత అని డబ్బు తీసుకునే విలేకరులు), అందరూ ఉన్నారు కాబట్టి అందరికీ పనికొచ్చేలా మాట్లాడతాను. మీ డిమాండ్ల పత్రంలో మొదటి లైను "30 శాతం జీతాల పెంపు". ఆ శాతం దేని మీద? బేసిక్ (మూల జీతం) మీదా, గ్రాస్ (అలవెన్సులతో కలిపిన జీతం) మీదా, సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) మీదా? డ్యూటీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? ఒప్పందంలో డబ్బంతా ఈ నిర్వచనాల్లోనే ఉంటుంది. అవి సరిగ్గా రాయించుకుంటే 15 శాతం పెంపు కూడా మంచి ఒప్పందమే. అవి వదిలేస్తే 30 శాతం ఇచ్చినట్టే ఇచ్చి రెండేళ్లలో వెనక్కి లాక్కోవచ్చు.

ముందు మనం ఎక్కడున్నామో చూద్దాం. పత్రికల వాళ్లకు వేజ్ బోర్డులు (జీతాల స్కేళ్లు సిఫార్సు చేసేందుకు ప్రభుత్వం వేసే సంఘాలు) ఉండేవి. మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను కేంద్రం 2011 నవంబరు 11న నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సమర్థించింది. అవి పత్రికలకు, వార్తా సంస్థలకు. టీవీకి అలాంటి స్కేళ్లు ఎవరూ నిర్ణయించలేదు. అందుకే ఎక్కువ చానళ్లలో జీతం అంటే చేరిన రోజు ఎవరు ఎంత బేరమాడుకుంటే అంత. పక్క పక్క సిస్టముల మీద ఒకే పని చేసే ఇద్దరు ఎడిటర్ల జీతాల్లో ఇంత తేడా రావడానికి కారణం అదే. మనకు స్కేలు కావాలంటే అది ఒప్పందంలోనే పుట్టాలి.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన చట్టాలు) అమల్లోకి వచ్చాయి. వాటిలో కార్మికులకు నష్టం చేసేవి ఉన్నాయి, వాటి మీద పోరాటం వేరే. కానీ మనకు పనికొచ్చేవి రెండు మూడున్నాయి. వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా వచ్చింది. వేతనం అనే మాటకు అన్ని కోడ్‌లలోనూ దాదాపు ఒకే నిర్వచనం వచ్చింది. వీటిని పునాదిగా పెట్టుకుని పైకి కట్టాలి. చట్టం ఇచ్చేది కనీసం. ఒప్పందం ఉన్నది దానికి పైన ఇప్పించడానికి.

మొదట ఒప్పందం ఎవరికి వర్తిస్తుంది అన్న క్లాజు. దీన్ని ఒక లైనులో ముగించేస్తుంటారు, "కార్మికులందరికీ" అని. అక్కడే మోసపోతాం. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం మేనేజర్ హోదాలో ఉన్నవాళ్లూ, నెలకు 18,000 దాటి తీసుకుంటూ సూపర్‌వైజరీ పని చేసేవాళ్లూ కార్మికులు కారు. ఇక చానళ్లలో హోదాలు చూడండి: పేరుకు ముందు సీనియర్, చివర మేనేజర్. చేసేది మాత్రం స్విచ్చర్ (కెమెరా దృశ్యాలు మార్చే యంత్రం) మీద కూర్చుని కట్ చేయడం, లేదా గ్రాఫిక్స్ లోడ్ చేయడం. రేపు బోనస్ ఇవ్వాల్సి వస్తే "మీరు మేనేజ్‌మెంట్ కేడర్" అంటారు. హోదాను బట్టి కాదు, చేసే ప్రధాన పనిని బట్టే చూడాలని కోర్టులు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. కానీ ప్రతి ఒక్కరూ కోర్టుకు వెళ్లి నిరూపించుకోవాలా? ఒప్పందానికి ఒక అనుబంధం పెట్టండి. బులెటిన్ ప్రొడ్యూసర్, ప్యానెల్ ప్రొడ్యూసర్, వీడియో జర్నలిస్ట్, కెమెరా అసిస్టెంట్, ఆడియో, లైటింగ్, టెలిప్రాంప్టర్, ఇన్‌జెస్ట్, ప్లేఅవుట్, ఓబీ, డీఎస్ఎన్‌జీ (ఉపగ్రహ లైవ్ లింకు) ఇంజినీరు, ఇలా ఇప్పుడున్న ప్రతి హోదానూ రాయండి. "ఈ పనులు ఏ కొత్త పేరుతో చేసినా ఈ ఒప్పందం వర్తిస్తుంది" అని చివర చేర్చండి. రిపోర్టర్, సబ్ ఎడిటర్‌తో పాటు వార్తల కెమెరా వాళ్లు కూడా వర్కింగ్ జర్నలిస్టులే అని అదే అనుబంధంలో ఒప్పించండి. చట్టంలో న్యూస్ ఫొటోగ్రాఫర్ అని స్పష్టంగా ఉంది. వీడియో తీసేవాళ్ల గురించి వాదన మిగిలిపోకూడదు.

ఇప్పుడు జీతం. ఒక లెక్క రాసుకోండి. గ్రాస్ 36,000. స్లిప్పులో బేసిక్ 12,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 4,800, కన్వేయన్స్ (ప్రయాణ భత్యం) 3,200, స్పెషల్ అలవెన్స్ 16,000. ఈ తరహా విభజన మీలో చాలామంది స్లిప్పుల్లో కనిపిస్తుంది. బేసిక్ తక్కువగా పెట్టడం యాదృచ్ఛికం కాదు. గ్రాట్యుటీ, ఓవర్‌టైమ్, సెలవుల నగదు, రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగుల తొలగింపు) పరిహారం అన్నీ దాని మీదే లెక్క కడితే ఖర్చు మూడో వంతుకు దిగుతుంది.

కొత్త నిర్వచనం ప్రకారం హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ లాంటి మినహాయింపులు మొత్తం పారితోషికంలో సగానికి మించకూడదు. మించితే ఆ మించినదంతా వేతనంలో కలుస్తుంది. అంటే ఏ కోణంలో చూసినా 36,000లో కనీసం 18,000 వేతనం. కానీ స్పెషల్ అలవెన్స్ మినహాయింపుల జాబితాలోనే లేదు. కాబట్టి మన వాదన ప్రకారం బేసిక్, స్పెషల్ అలవెన్స్ కలిపి 28,000 వేతనం. పదేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ, అంటే వేతనాన్ని 26తో భాగించి, 15తో, పదేళ్లతో హెచ్చిస్తే: 12,000 మీద 69,231. 18,000 మీద 1,03,846. 28,000 మీద 1,61,538. అదే మనిషి, అదే చానల్, అవే పదేళ్లు. మధ్యలో తేడా ఒక్క నిర్వచనం. అందుకే క్లాజు ఇలా ఉండాలి: "స్పెషల్ అలవెన్స్‌ను ఈ ఒప్పందం తేదీ నుంచి బేసిక్‌లో విలీనం చేస్తారు. ఇకపై ఇచ్చే పెంపులో కనీసం 70 శాతం బేసిక్‌కు చేరుతుంది." 70 బేరానికి పెట్టిన అంకె, 60కి దిగినా ఫర్వాలేదు. రెండో వాక్యం లేకపోతే మాత్రం పెంపు మళ్లీ కొత్త పేరున్న అలవెన్సులోకి వెళ్తుంది.

సీటీసీ గురించి గట్టిగా చెప్పాలి. ఒప్పందంలో ఎక్కడా సీటీసీ అనే మాట రానివ్వకండి. యాజమాన్యం వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కోసం 4.81 శాతం, బీమా ప్రీమియం, క్యాబ్ ఖర్చు, అన్నీ సీటీసీలో కలిపి చూపిస్తారు. ఇప్పుడు పీఎఫ్ చూడండి. చట్టపరమైన పరిమితి 15,000 మీద 12 శాతం అంటే 1,800. అందులో 1,250 పెన్షన్ పథకానికి పోతుంది, మిగతా 550 మీ పీఎఫ్ ఖాతాలో పడుతుంది. మనం పోరాడి 28,000 మీద కట్టించుకుంటే యాజమాన్యం వాటా 3,360 అవుతుంది, నెలకు 1,560 ఎక్కువ. సీటీసీ స్థిరంగా ఉంటే ఆ 1,560 మీ గ్రాస్‌లోంచే కోస్తారు. అటు మీ వాటా కూడా అంతే పెరుగుతుంది కాబట్టి చేతికొచ్చేది రెండు వైపులా తగ్గుతుంది. గెలిచామనుకున్న డిమాండుతో మొదటి నెల జీతం తగ్గితే సభ్యులు యూనియన్‌ను నిలదీస్తారు, ఆ కోపంలో న్యాయముంది. అందుకే "ఈ ఒప్పందంలోని జీతాలన్నీ గ్రాస్ జీతాలు, యాజమాన్యం చెల్లించే ఏ వాటా వీటిలో భాగం కాదు" అని రాయాలి.

గ్రాట్యుటీ గురించి ఇంకొక మాట. సాధారణంగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. వర్కింగ్ జర్నలిస్టుకు మూడేళ్లు చాలు. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది. ఈ ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకు పర్మినెంట్ వాళ్లతో సమానమైన జీతం, ప్రయోజనాలు ఇవ్వాలని కోడ్‌లోనే ఉంది. మీ చానల్‌లో 11 నెలల కాంట్రాక్టులు రాయిస్తున్నారంటే ఆ నెల తగ్గించడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. వరుస కాంట్రాక్టుల మధ్య విరామం 30 రోజుల లోపుంటే సర్వీసు నిరంతరమే అని ఒప్పందంలో పెట్టించండి.

ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) దగ్గర ఒక గుంత ఉంది. నెల జీతం పరిమితి 21,000. ఇప్పుడు 20,500 తీసుకుంటున్న కెమెరా అసిస్టెంటుకు మనం 1,500 పెంచామనుకోండి. 22,000 అయ్యింది, ఈఎస్ఐ నుంచి బయటకు వెళ్లాడు. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. మే నెలలో పరిమితి దాటితే సెప్టెంబరు దాకా చందా కొనసాగుతుంది, దానికి సంబంధించిన ప్రయోజన కాలం ముగిసే దాకా వైద్యం అందుతుంది. ఆ తర్వాత ఆగుతుంది. ఈఎస్ఐలో ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం ఉంది, జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం భృతి ఉంది. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో తరచూ ఈ రెండూ ఉండవు. నెలకు 1,500 ఎక్కువ వచ్చి, నాన్నకు ఆపరేషన్ వచ్చిన రోజు చేతిలో ఏమీ లేకపోతే అది పెంపు ఎలా అవుతుంది? కాబట్టి: ఈఎస్ఐ ఆగిన రోజు నుంచే గ్రూపు మెడిక్లెయిమ్ మొదలు కావాలి, మధ్యలో ఒక్క రోజు ఖాళీ ఉండకూడదు. తల్లిదండ్రులు అందులో ఉండాలి, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉండకూడదు. రూమ్ రెంట్ పరిమితి ఎంతో, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంతో అంకెల్లో రాయాలి. పాలసీ మార్చాలంటే 60 రోజుల ముందు పూర్తి పాలసీ పత్రం యూనియన్‌కు ఇవ్వాలి.

ఆ చివరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది. అమెరికాలో ఏబీసీ నెట్‌వర్క్ టెక్నీషియన్ల యూనియన్ నాబెట్-సీడబ్ల్యూఏ 1998 నవంబరులో ఒక్క రోజు సమ్మె చేసింది. యాజమాన్యం తేబోతున్న ఆరోగ్య బీమా పథకం వివరాలు ఇవ్వడం లేదన్నదే గొడవ. జవాబుగా కంపెనీ లాకౌట్ ప్రకటించింది. దాదాపు 2,200 మంది 1999 జనవరి దాకా బయటే ఉన్నారు. ఆరోగ్య బీమా జీతంలో భాగమేనని వాళ్లకు తెలుసు.

కరువు భత్యం లేకుండా మూడేళ్ల ఒప్పందం చేసుకోకండి. లేబర్ బ్యూరో ప్రతి నెలా పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ విడుదల చేస్తుంది, ప్రస్తుత ఆధార సంవత్సరం 2016. ఒప్పందం తేదీ నాటి సూచీని ఆధారంగా పెట్టుకుని, కనీస వేతనాల వీడీఏ (ధరలతో మారే కరువు భత్యం) లాగే ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరించాలి. సూచీ 140 నుంచి 147కు పోయిందనుకుందాం, అంటే 5 శాతం. బేసిక్ 28,000 మీద 1,400. ఇది వార్షిక ఇంక్రిమెంట్‌కు అదనం, రెండింటినీ సర్దుబాటు చేయకూడదని విడిగా రాయాలి.

ఇక పని గంటలు. టీవీలో అసలు దోపిడీ ఇక్కడే జరుగుతుంది. సాంకేతిక సిబ్బందికి రోజుకు 8 గంటలు, వారానికి 48. వర్కింగ్ జర్నలిస్టులకు వరుసగా నాలుగు వారాల్లో 144 గంటలే గరిష్ఠం. వారానికి 36, ఆరు రోజులైతే రోజుకు 6. డెస్క్ వాళ్లు తొమ్మిది గంటల షిఫ్టు చేస్తూ అదే సాధారణమనుకుంటున్నారు. ఓవర్‌టైమ్ రెట్టింపు రేటు, అది కూడా ఉద్యోగి సమ్మతితోనే. గంట రేటు ఎలా కడతారన్నది రాయకపోతే 30తో భాగిస్తారు, బేసిక్ మీద కడతారు. మన లెక్కలో 28,000ను 26 రోజులు, 8 గంటలతో, అంటే 208తో భాగిస్తే గంటకు 134.62, రెట్టింపు 269. బేసిక్ 12,000 మీదైతే రెట్టింపు 115. ఎన్నికల కౌంటింగ్ రోజున 14 గంటలు నిలబడితే ఆరు గంటల ఓవర్‌టైమ్‌కు ఒక లెక్కలో 1,615, ఇంకో లెక్కలో 692. వర్కింగ్ జర్నలిస్టులకు భాజకం 208 కాదు, 156 (26 రోజులు, 6 గంటలు) అని మర్చిపోకండి.

డ్యూటీ ఎప్పుడు మొదలవుతుంది? లైవ్ మొదలైనప్పుడు కాదు. రాత్రి 2 గంటలకు హైదరాబాద్‌లో ఓబీ వ్యాన్ ఎక్కితే డ్యూటీ 2 గంటలకే మొదలైంది. మేడారం జాతరకు వెళ్లే ప్రయాణం, అక్కడ డిష్ లాక్ చేసి లింకు కోసం ఎదురుచూసే సమయం, తిరుగు ప్రయాణం, అంతా డ్యూటీయే. 2027 గోదావరి పుష్కరాలకు వ్యాన్లు రాజమండ్రిలో రోజుల తరబడి ఉంటాయి, ఇప్పుడే రాయించుకోకపోతే అప్పుడు అడగలేం. బయట ఊళ్లో రాత్రి ఉంటే బత్తా వేరు, బస వేరు, రెండూ కలిపి ఒక అంకె పెట్టనివ్వకండి. బత్తా ముందు రోజే ఖాతాలో పడాలి. సొంత డబ్బుతో తిని, బిల్లులు పెట్టి, రెండు నెలలు తిరగడం ఇప్పుడు రివాజు అయిపోయింది. గ్రామాల్లో టీ కొట్టు, మెస్ బిల్లు ఇవ్వవు కాబట్టి బిల్లు లేని రోజువారీ మొత్తం ఒకటి నిర్ణయించాలి.

రెండు షిఫ్టుల మధ్య విశ్రాంతి గురించి మన డిమాండ్ల పత్రంలో (చార్టర్‌లో) ఒక్క మాట లేదు. రాత్రి 11కి దిగిన పీసీఆర్ ఆపరేటర్‌ను తెల్లవారుజామున 5 గంటల బులెటిన్‌కు రమ్మంటారు. ఇల్లు చేరి తిరిగి రావడానికి రెండు గంటలు పోతే నిద్ర ఎంత? నాబెట్ లాంటి యూనియన్ల ఒప్పందాల్లో దీనికి పరిష్కారం ఉంది. నిర్ణీత విశ్రాంతి పూర్తి కాకుండా పిలిస్తే, తగ్గిన ప్రతి గంటకూ అదనపు రేటు చెల్లించాలి. మనం 12 గంటలు అడగవచ్చు. 11కి దిగి 5కి వస్తే ఆరు గంటలు తగ్గాయి, ఆ ఆరు గంటలకూ అదనం. ఐదు గంటలు వరుసగా పని చేశాక భోజన విరామం ఇవ్వకపోయినా ఇదే పద్ధతి. ఈ క్లాజుల అసలు ఉపయోగం ఆ డబ్బు కాదు. రోస్టరు వేసేవాళ్లకు ఖర్చు కనిపిస్తే రోస్టరు సరిగ్గా వేస్తారు. రోస్టరు ఏడు రోజుల ముందు పెట్టాలని, 24 గంటల లోపు మార్పుకు ఒక అలవెన్స్ ఇవ్వాలని కూడా చేర్చండి.

కాంప్ ఆఫ్ (సెలవు రోజు పనికి బదులు ఇచ్చే సెలవు) "తర్వాత చూద్దాం" అంటూ మురిగిపోతుంది. 60 రోజుల్లో ఇవ్వకపోతే రెట్టింపు వేతనంగా మారాలి. రాత్రి 7 తర్వాత, ఉదయం 6కు ముందు మహిళల పనికి వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత యాజమాన్యం బాధ్యత. క్యాబ్ ఆలస్యమైతే ఎదురుచూసిన సమయం డ్యూటీ అని రాయండి, క్యాబ్ టైముకు వస్తుంది.

బోనస్ తొందరగా చెబుతాను. చట్టప్రకారం 8.33 శాతం కనీసం, 20 శాతం గరిష్ఠం. కానీ నెల జీతం 21,000 దాటినవాళ్లకు హక్కు లేదు. వాళ్లకు దసరాకు ఎక్స్‌గ్రేషియా, కనీసం ఒక నెల బేసిక్, ఒప్పందంలోనే పెట్టాలి.

పరికరాల గురించి. కెమెరా పడిపోయింది, లెన్స్ పగిలింది, జీతంలో కోత. విచారణ లేకుండా, ఉద్యోగి జవాబు వినకుండా కోత కోయకూడదు. పరికరాలకు బీమా చేయించుకోవడం యాజమాన్యం పని. సొంత ఫోనుతో లైవ్ ఇప్పిస్తున్నారు, సొంత బండి మీద తిప్పుతున్నారు. ఫోనుకు, డేటాకు, పెట్రోలుకు కిలోమీటరు లెక్కన చెల్లింపు ఉండాలి. తుపాన్లు, లాఠీచార్జీలు, అగ్నిప్రమాదాల దగ్గరకు పంపేవాళ్లకు పీఎఫ్‌తో వచ్చే ఈడీఎల్ఐ బీమా గరిష్ఠంగా 7 లక్షలే. దానిమీద విడిగా ప్రమాద బీమా తప్పనిసరి.

జిల్లాల స్ట్రింగర్ల విషయం మీరు చార్టర్ చివరి పేజీలో పెట్టారు. ముందుకు తెండి. సగం వార్త వాళ్లదే. చట్టంలో వర్కింగ్ జర్నలిస్టు అంటే పూర్తికాలమైనా, పార్ట్‌టైమ్ అయినా అని ఉంది, అది మన చేతిలో ఉన్న మంచి ఆధారం. నెలకు కనీస రిటైనర్ (స్థిర చెల్లింపు), ఐటమ్‌కు రేటు, పంపి వాడకపోయినా సగం రేటు, తర్వాతి నెల 7వ తేదీ లోపు చెల్లింపు, ప్రమాద బీమా. ప్రకటనలు తెస్తేనే డబ్బు అనే షరతు ఏ రూపంలోనూ ఉండకూడదు. ఏజెన్సీ ద్వారా వచ్చిన డ్రైవర్లు, లైట్‌బాయ్‌లు, హౌస్‌కీపింగ్ వాళ్ల జీతం కాంట్రాక్టర్ ఎగ్గొడితే చానలే చెల్లించాలి, చట్టం ఆ బాధ్యత పెట్టింది.

ఉద్యోగం పోయినప్పుడు ఏమిటి? ముందస్తు ప్రభుత్వ అనుమతి అన్న రక్షణ 300 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే, చానళ్లకు లేదు. మనకు నెల నోటీసు, పరిహారంగా ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం. ఒప్పందంలో 30 రోజులు అడగండి. చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలన్న సూత్రం విభాగాల వారీగా రాయండి. గదిలో కూర్చోబెట్టి రాజీనామా రాయించుకోవడం పెద్ద జబ్బు: రాజీనామాను ఏడు రోజుల్లో వెనక్కి తీసుకునే హక్కు పెడితే అది చాలావరకు ఆగుతుంది. రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్‌లో ఉంది, "45 రోజులు పడుతుంది" అని హెచ్ఆర్ అంటే ఒప్పుకోకండి.

చివరిగా ఒప్పందం రూపం. ఇద్దరూ కూర్చుని సంతకాలు పెట్టుకున్న ఒప్పందం, పార్టీలకే వర్తిస్తుంది. లేబర్ శాఖ కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి ముందు కుదిరిన ఒప్పందం, మనవాళ్లు పాత చట్టంలోని 12(3) సెక్షన్ పేరుతో ఇప్పటికీ "పన్నెండు మూడు" అనేది, యూనియన్‌లో లేనివాళ్లకూ, రేపు చేరేవాళ్లకూ వర్తిస్తుంది. బయట కుదిరినా సరే, సంతకాలు మాత్రం ఆ అధికారి ముందే చేయించండి. ఒకటి కంటే ఎక్కువ యూనియన్లుంటే మస్టర్ రోల్లో (ఉద్యోగుల హాజరు పట్టికలో) 51 శాతం మద్దతున్నదే ఏకైక చర్చల యూనియన్ కాబట్టి సభ్యత్వ పత్రాలు ఇప్పటి నుంచే సిద్ధంగా ఉంచండి.

విడివిడిగా సంతకాలు తీసుకునే ప్రయత్నం జరుగుతుంది. మజీఠియా సమయంలో పత్రికల్లో "పాత జీతమే చాలు" అని రాయించుకున్నారు. 2017 జూన్ 19న సుప్రీంకోర్టు ఆ పత్రాలు వేజ్ బోర్డు కంటే తక్కువ ఇవ్వడానికి పనికిరావని తేల్చింది. మనకు వేజ్ బోర్డు లేదు కాబట్టి అదే సూత్రాన్ని క్లాజుగా రాసుకోవాలి: ఏ వ్యక్తిగత కాంట్రాక్టూ ఈ ఒప్పందం కంటే తక్కువ ఇవ్వజాలదు, ఎక్కువ ఉంటే అది కొనసాగుతుంది.

ఒప్పందం గడువు మూడేళ్లు. గడువు ముగిసినా 60 రోజుల నోటీసు పూర్తయ్యే దాకా పాతది వర్తిస్తుంది, కానీ కొత్త చర్చలు ఏడాది సాగితే ఆ ఏడాది డబ్బు పోతుంది. అందుకే కొత్త ఒప్పందం ఎప్పుడు కుదిరినా పాతది ముగిసిన మర్నాటి నుంచే అమలవుతుందని ఇప్పుడే రాయాలి. ఎరియర్స్ ఎన్ని వాయిదాల్లో, ఏ తేదీల్లో అన్నది అంకెలతో ఉండాలి. ఆ మధ్యకాలంలో రాజీనామా చేసినవాళ్లకూ, రిటైరైనవాళ్లకూ, చనిపోయినవాళ్ల కుటుంబాలకూ పనిచేసిన రోజుల మేరకు ఎరియర్స్ అందాలి. ఆ వాక్యం లేకపోతే "సంతకం రోజుకు రోల్స్‌లో ఉన్నవారికి మాత్రమే" అని వాళ్లు చేర్చుకుంటారు.

మీ స్లిప్పులు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, బేసిక్, గ్రాస్, సర్వీసు ఈ బోర్డు మీద రాసి ఒక్కొక్కరిది లెక్క కడదాం.